ముకద్దం మంద

గొర్రెలు కాసుకునే ధనగర్ ముసలమ్మ కుక్కపిల్లను తారాబాయి ఒళ్ళో పెడుతూ ఒక్క సంగతి మరీ మరీ చెప్పింది. దీన్ని నేరుగా తీసుకెళ్ళి మేకల నడుమ వదిలెయ్యి, మూడు నెలల దాకా మనిషి వాసన తగలనివ్వకు, ఎవరి పక్కన పడుకుని పెరిగితే వాళ్ళే దాని మంద, అని. మరాఠీలో చెప్పింది, నెమ్మదిగా చెప్పింది, రెండుసార్లు చెప్పింది. తారాబాయి రెండుసార్లూ తల ఊపింది. ఊపి, పిల్లను కొంగులో చుట్టుకుని, నేరుగా వాంగణి స్టేషనుకు నడిచి బొంబాయి లోకల్ రైలెక్కింది.

బొంబాయిలో తెలుగు మేస్త్రీల పేట కామాటిపురలో పుట్టిన మనిషి మరోలా చెయ్యడం జరగని పని. వాళ్ళ చాల్‌లోకి, ఆ ఒంటిగది ఇళ్ళ బారులోకి, కొత్తది ఏదొచ్చినా, కోడలు గానీ కుట్టుమిషను గానీ, ముందు గల్లీ మలుపులో పోచమ్మకు చూపించాలి, గడప దాటించాలి, బొట్టు పెట్టాలి, గదుల ముందు వసారా గ్యాలరీలో అందరి కళ్ళూ దాని మీద పడి చల్లారాలి. పని ఆ తర్వాత. మేస్త్రీలు కొత్త తాపీకి సైతం కుంకుమ అద్దకుండా సున్నం ముట్టించరు. అలాంటిది, మేకల ప్రాణాలు కాయవలసిన జీవాన్ని బొట్టయినా పెట్టకుండా పనిలోకి దింపితే, రేపు ఏ కీడు జరిగినా ఆ పాపం తారాబాయిదే అవుతుంది. ఒక్క పూట ఉంచుకుని తెల్లారి తీసుకెళ్ళిపోదామనుకుంది.

మేకలున్న పొలం వాళ్ళది కాదు. ఆమె భర్త భూమయ్య బట్టల మిల్లులో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. సమ్మె మొదలై మూడో ఏడు నడుస్తోంది. పక్క సాంచె మీది శంకర్రావు, ఊరికే పడి ఉన్నది, ఏదైనా పెట్టుకోమని, వాంగణి అవతల కొండ కింద తన పన్నెండు గుంటల నేల చూపించాడు. అక్కడ ఒక గుడిసె, ఒక పాక, తొమ్మిది మేకలు అయ్యాయి. మొదటి చలికాలం పుట్టిన మూడు పిల్లల్నీ నక్కలు ఎత్తుకుపోయాయి.

"ఇంకొక్క పిల్ల పోయిందంటే చూడు, మేకలన్నిటిని కోతకు దేవనార్‌కు తోలుడే" అన్నాడు భూమయ్య. అతను రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి. కనుక అన్న మాట జరిగి తీరేది.

తారాబాయికి మేకల మీద మరీ అంత మోజేం లేదు. మేకలు పోతే ఆ పన్నెండు గుంటలూ పోతాయి, అదీ ఆమె బెంగ. అక్కడ రెండు చేతులూ చాచి నిలబడితే ఏ చేతికీ ఎవరి గిన్నే తగలదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమెకు అలాంటి సౌకర్యం అదే మొదటిసారి.

పిల్ల చాల్‌కి వచ్చిన సాయంత్రమే వాన మొదలైంది. పట్టాల మీద నీళ్ళు నిలిచి మూడు రోజులు బళ్ళు నడవలేదు. నాలుగో రోజు శంకర్రావు కబురు పంపాడు, గాలికి పాక కప్పు లేచిపోయిందని, మేకల్ని తన అన్న ఇంటి వసారాలో కట్టేశామని, దసరా దాకా అటు చూడనక్కర్లేదని. ఒక్క పూట అనుకున్నది నాలుగు నెలలైంది.

దానికి పేరు పెట్టింది పక్క ఖోలీ గదిలో ఉండే దుర్గయ్య. మేస్త్రీ పని చేస్తాడు, సాయంత్రాలు తాగుతాడు, రెండింటిలోనూ శ్రద్ధగల మనిషి. కుక్కపిల్ల మెట్ల మీద కూర్చుని, తాను ఏ పనీ చెయ్యకుండా, పనిచేసేవాళ్ళనే పట్టి పట్టి చూడటం గమనించాడు.

"గిది కుక్క గాదు వదినా, కూలోళ్ళ మీద ముకద్దం" అన్నాడు. "నా ముప్పై ఏండ్ల కామ్‌ల గిట్ల కూసొని చూసినోళ్ళంత ముకద్దంలే."

ముకద్దం పెరిగింది. బూడిదరంగు వెంట్రుకలు, వెడల్పాటి తల, నిద్రమత్తు కళ్ళు. పెరిగినకొద్దీ దాని అభిప్రాయాలు కూడా పెరిగాయి. పొద్దుగుంకేసరికి ముప్పై రెండు ఖోలీల జనమంతా గ్యాలరీల్లోకి వచ్చి చేరాలన్నది వాటిలో మొదటిది. చీకటి పడే వేళ మెట్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళను వచ్చినట్టు వాసన చూసి లోపలికి పంపేది. ఎవరైనా తక్కువైతే వానలోనే గల్లీ చివరికి వెళ్ళి నిలబడేది. దుర్గయ్య మాత్రం అడుగు దారి తప్పినా లుంగీ అంచు పట్టుకుని, చింపకుండా, గౌరవంగా, ఇంటిదాకా నడిపించుకొచ్చేది. దుర్గయ్య తల్లి లక్ష్మవ్వ దానికి రోజూ ఒక రొట్టె పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

"పెండ్లి చేస్తే కోడలు కాపాడుతదనుకున్న" అనేది. "ఆఖర్కి కుక్క కాపాడవట్టె."

వాన పడే మధ్యాహ్నాలు చాల్ అంతా మగతగా ఉండేది. కిందికి జారే నీళ్ళ చప్పుడు, ఎవరి ఇంట్లోనో రేడియో, ఎక్కడో టాక్సీ హారను, అన్నీ తడిగుడ్డలో చుట్టినట్టు వినిపించేవి. గ్యాలరీ పొడవునా కునుకు తీస్తున్న మనుషుల మధ్య నుంచి ముకద్దం ఒక్కొక్కరి పాదం వాసన చూసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. తారాబాయి సగం నిద్రలో ఆ తడి ముక్కు తన మడమకు తగలడం తెలిసి, తానూ లెక్కలో ఉన్నానని నిశ్చింతగా మళ్ళీ నిద్రపోయేది. ధనగర్ ముసలమ్మ మాట అప్పుడప్పుడు గుర్తొచ్చేది. నిద్ర ముంచుకొచ్చి వెళ్ళిపోయేది.

దసరా వెళ్ళిన వారానికి పాక మళ్ళీ లేచింది. సామాను ఎక్కించే రైలు డబ్బాలో, పాలక్యాన్ల మధ్య ముకద్దాన్ని కూర్చోబెట్టుకుని భార్యాభర్తలు వాంగణిలో దిగారు. చాల్‌లో ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. దుర్గయ్య ఏడవలేదు గానీ, ఆ సాయంత్రం ఇల్లు చేరడానికి చాలా ఆలస్యమైందని తర్వాత తెలిసింది.

ముకద్దం మేకల్ని చూసింది. రైల్లో ఎదుటి బల్ల మీద కూర్చున్నవాళ్ళను చూసినట్టు, మర్యాదగా, ఏ సంబంధమూ లేకుండా చూసింది. ఆ తర్వాత కంచె దగ్గరికి పోయి పట్టాలవైపు మొహం పెట్టుకుని కూర్చుంది. బొంబాయి బండి పోయినప్పుడల్లా చెవులు లేచేవి. బండి పోయాక నెమ్మదిగా వాలిపోయేవి.

నాలుగో రోజు తెల్లవారుజామున కొండ మీంచి మంచు దిగి పొలమంతా పాలు పొంగినట్టు తెల్లగా ఉంది. తారాబాయి చెంబు పట్టుకుని బయటికొచ్చేసరికి ఆ తెలుపులో నక్క నడిచి వస్తోంది. కాళ్ళు కనిపించడం లేదు. తేలుతున్నట్టుంది. ముకద్దం లేచింది, గబగబా వచ్చి తారాబాయికి అడ్డంగా నిలబడి పళ్ళు బయటపెట్టింది. ఆ వేళ బయట ఉన్న తన మందలోని జీవం ఆమె ఒక్కతే, ఆమెను కాపాడింది. మేకల సంగతి మేకలు చూసుకోవాలి. నక్క దానికేమీ అభ్యంతరం చెప్పకుండా పక్కగా పోయి ఓ పడుచు మేక చెవి పట్టుకుంది. తారాబాయి చెంబు విసిరింది. నక్క సగం చెవితో మంచులోకి వెళ్ళిపోయింది.

భూమయ్య చెవి చూశాడు, కుక్కను చూశాడు, చివరికి పెళ్ళాన్ని చూశాడు.

"బొట్టు మంచిగనే పనిచేసింది" అన్నాడు. మేక చెవికి పసుపు అద్దుతూ, "మంగళి కార్తీకంల ఈనుతది. ఆ పిల్ల తొమ్మిది దినాలు నిలిచిందా, ఉందాం. లేదంటే ఇగ ఖోలీకి పోవుడే."

మంగళి నల్ల మేక, నుదుటి మీద తెల్ల మచ్చ, నిండు చూలు.

దీపావళి వెళ్ళగానే ధనగర్లు ఘాట్ కొండలు దిగి వచ్చి కొండ కింద మంద పెట్టారు. తారాబాయి ముసలమ్మను వెతుక్కుంటూ వెళ్ళి జరిగిందంతా దాచకుండా చెప్పింది. బొట్టు దగ్గరికొచ్చేసరికి ముసలమ్మ నవ్వీ నవ్వీ పక్కనున్న గొర్రెను పట్టుకోవలసి వచ్చింది.

"ఎక్కిన వాసన ఎక్కిందే. ఇక దాని ముక్కును మార్చలేవు బాయీ" అంది కళ్ళు తుడుచుకుని. "నీ మేకల్నే తీసుకెళ్ళి మీ బొంబాయి మనుషుల పక్కన పడుకోబెట్టుకో."

ఆమె హాస్యానికే అంది. ఎదుటివాళ్ళు హాస్యానికన్నది శ్రద్ధగా చేసి చూపించడం తారాబాయికి చిన్నప్పటి నుంచీ అలవాటు. మధ్యాహ్నం బండికే కామాటిపుర చేరి గ్యాలరీలో నిలబడి ఇంటికో పాత బట్ట అడిగింది.

"ఉతకనిది కావాలె" అంది.

లక్ష్మవ్వ చేతిలోని చేట కింద పెట్టింది.

"ఉతకని బట్ట చేతిల పెట్టుడేందే బిడ్డా" అంది లక్ష్మవ్వ. "మా ఇండ్లల్ల సబ్బు లేదనుకున్నవా?"

"అవ్వా, కుక్క కోసం."

"కుక్కకైనా ఇజ్జత్ ఉంటది."

మర్నాడు పొద్దున తారాబాయి గడప ముందు ముప్పై రెండు బట్టలు పేర్చి ఉన్నాయి. అన్నీ ఉతికి, నీలం పెట్టి, కొన్నిటికి ఇస్త్రీ కూడా చేసి. ఒక్కదానికీ మనిషి వాసన లేదు. సబ్బు బిళ్ళల దుకాణం తెరిచినట్టుంది. ఎవరి బట్ట వాళ్ళకు తిరిగిచ్చి, నాలుగు రోజులు కట్టుకుని మళ్ళీ ఇమ్మని బతిమాలవలసి వచ్చింది.

"శుభ్రమైన లుంగీని ఖరాబు చేసి ఇయ్యాలెనా వదినా?" అని అడిగాడు దుర్గయ్య. "గంతే గదా. గా పని నాకన్న మంచిగ ఎవడు చేస్తడు."

అయిదో రోజు మధ్యాహ్నం గ్యాలరీ నేల మీద బొంత పరిచారు. ఆరుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కుట్టారు. దుర్గయ్య లుంగీ పక్కన లక్ష్మవ్వ ముతక చీర, ఆ పక్కన ఎవరిదో పెళ్ళినాటి జాకెట్టు, మిల్లు గేటు వైపు మళ్ళీ వెళ్ళని ఖాకీ చొక్కాలు. సూదులు దిగుతున్నాయి, లేస్తున్నాయి. తారాబాయికి కళ్ళు మూతలు పడ్డాయి. కుళాయి దగ్గర మేకలు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డాయి. మంగళి, నా వంతు వచ్చింది జరగమని గట్టిగా అంటోంది. కొండ కింద పాకలో దుర్గయ్యా లక్ష్మవ్వా తక్కిన చాల్ అంతా మోకాళ్ళు ముడుచుకుని పడుకుని, తాపీగా, ఒకే లయలో నెమరేస్తున్నారు. వాళ్ళ మీదుగా మంచు మెల్లగా పోతోంది. ఎవరికీ ఏ తొందరా లేదు. సూది వేలికి గుచ్చుకుని మెలకువ వచ్చాక కూడా ఆమెకు ఏది ఏ చోటో తేల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. తేల్చుకోవాలని పెద్దగా అనిపించనూ లేదు.

పాకలో బొంత పరిచింది. మిగిలిన పేలికలు ఒక్కో మేక మెడకు కట్టింది. మేకలు మొదటి రోజే జాకెట్టు చెయ్యి తినేశాయి. ముకద్దం కంచె దగ్గరి నుంచి కదల్లేదు. సాయంత్రం గాలి మళ్ళింది. ముక్కు లేచింది. ముక్కు వెనకే తక్కిన కుక్క కూడా లేచి, నమ్మలేనట్టు, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పాక దాకా వచ్చింది. గడప మీద చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కొక్క గిట్ట వాసన చూసుకుంటూ నడిచింది. లుంగీ ముక్క కట్టిన పోతుమేక అప్పుడే కంచెవైపు బయల్దేరింది. ముకద్దం దాని మెడపట్టీ పళ్ళతో పట్టుకుని, గౌరవంగా, వెనక్కి నడిపించుకొచ్చింది.

"దుర్గయ్య దొరికిండు" అన్నాడు భూమయ్య. ఆ వారానికి అతని మాటలు అయిపోయాయి.

మంగళి మూడో రోజు సందెవేళ ఈనింది. ఒక్కటే పిల్ల, తల్లి నలుపే. పొలం అవతలి గట్టు మీద నక్క కూత మొదలైంది, దానికి ఇంకోటి జవాబిచ్చింది. తారాబాయి కర్ర అందుకునేలోపే ముకద్దం పాక బయట ఉంది. అరవలేదు, పరుగెత్తలేదు. గట్టు దాకా నడిచి వెళ్ళి నిలబడింది. అంత పెద్దదని ఆమెకు అప్పటిదాకా తెలియదు. గట్టు మీది రెండు నీడలు కొంతసేపు ఆలోచించాయి. తర్వాత గట్టు మాత్రం మిగిలింది.

ఆ తొమ్మిది రోజులూ ముకద్దం గుడిసె వైపు రాలేదు. రొట్టె పెట్టి పిలిస్తే తోక ఊపేది, కదిలేది కాదు. తారాబాయి రొట్టె అక్కడికే తీసుకెళ్ళి పెట్టేది. అది గుండెలో ఎక్కడో సన్నగా గీరుకున్నా, తాను కోరుకున్నది ఇదే కదా అని సర్దుకునేది.

పదో రోజు పొద్దున భూమయ్య పాకను ఇంకో నాలుగు మూరలు పెంచడానికి గుంజలు చెక్కుతున్నాడు. తారాబాయి పాలు పితకడానికి చెంబుతో పాకలోకి వంగింది. ముకద్దం లేచి అడ్డంగా నిలబడి గొంతులో గుర్రుమంది.

"నేనేరా" అంది ఆమె.

అది ఆమె చీర కుచ్చిళ్ళు వాసన చూసింది, చెయ్యి చూసింది, వంగి మడమ దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి పక్కకు జరిగి, ఆమె లోపలికి రాగానే వెనక నుంచి తలతో నెడుతూ మంగళి పక్కకు చేర్చి, బొంత మీద కూర్చోబెట్టి, వెళ్ళి గడపకు అడ్డంగా పడుకుంది. నల్లపిల్ల ఆమె ఒళ్ళోకెక్కింది. వెచ్చగా ఉంది. మేకలు నెమరేస్తున్నాయి.

"చాయ్ అయిందా?" అని బయటి నుంచి భూమయ్య కేకేశాడు.

తారాబాయి లేవబోయింది. ముకద్దం తల తిప్పి చూసింది. ఆమె చెంబు పక్కన పెట్టి, మళ్ళీ కూర్చుంది.