పదమూడు అంగుళాలు

సుందర్ రాజు మోకాళ్ళ మీద కూర్చుని గుంటలో తడిబట్ట అద్దాడు. అడుగు పొడిగా ఉంటే కొత్త మట్టి పట్టదు, రెండు రోజుల్లో పెచ్చుగా లేస్తుంది. తడి లోపలికి దిగేదాకా ఆగాడు. బస్తాలోంచి బంకమట్టి పిడికెడు తీసి ముద్ద చేసి గుంట అంచుకు నొక్కాడు. మరో పిడికెడు. మరొకటి. లేచి దిమ్మిస ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బ మెత్తగా దిగింది. మట్టి గట్టిపడి మోగేదాకా కొట్టాలి. కొట్టాడు.

సెప్టెంబరు రెండో శనివారం, ఉదయం ఏడున్నర. ఈ దేశంలో చలికాలం అప్పుడే ముగుస్తోంది, గాలి చల్లగా ఉంది. గుడ్లు పెట్టే కాలం కాబట్టి మాగ్‌పై పిట్టలు నెత్తిమీదికి దూకుతున్నాయి. అందుకని టోపీకి ప్లాస్టిక్ పట్టీలు ముళ్ళలా నిలువుగా గుచ్చుకున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి నెత్తిన ముళ్ళతో, మోకాళ్ళకు రబ్బరు తొడుగులతో, మట్టిలో పాకుతూ ఉంటే చూడటానికి బాగుండదు. చూసేవాళ్ళు ఎవరూ లేరు.

హెరన్స్ బేస్‌బాల్ క్లబ్బు నగరం శివారు క్లైడ్ నార్త్‌లో కొత్త ఇళ్ళ వరసలు ఆగిపోయేచోట ఉంది. ఒక మైదానం, ఒక తీగల కంచె, రేకుల కప్పుతో ఒక గది, రెండు కొట్టాలు. గడ్డి కోయడం, తెల్లరంగు గీతలు గీయడం, పిచర్ నిలబడే దిబ్బ సరిచేయడం సుందర్ రాజు పని. పిచర్ ఆ మట్టి దిబ్బ మీద నిలబడి, అరవై అడుగుల అవతల బ్యాటు పట్టుకున్నవాడి వైపు బంతి విసురుతాడు. దిబ్బ పది అంగుళాల ఎత్తు ఉండాలి. దిబ్బ అనకండి అంకుల్, మౌండ్ అనండి అని క్లబ్బు సెక్రటరీ జయంత్ చాలాసార్లు చెప్పాడు. సుందర్ రాజు దిబ్బ అనే అంటాడు.

గది తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. మధ్యాహ్నం మూడింటికి కమిటీ సమావేశం. కొత్త సీజన్‌కు నిర్ణయాలు మూడు. ఒకటి, మేనేజర్ క్రెయిగ్‌ను ఉంచాలా మార్చాలా. రెండు, పిచర్ ఏతాన్‌ను జీలాంగ్ వైపు ఒక చిన్న క్లబ్బుకు ఇచ్చి, అక్కడి నుంచి గట్టిగా కొట్టే బ్యాటర్‌ను తెచ్చుకోవడం. మూడు, మైదానం పనివాడి కాంట్రాక్టు. సుందర్ రాజు ఏడో తరగతి దాకా చదివాడు. మూడో వరుస తనదేనని చదువుకోగలిగాడు.

సుందర్ రాజుకు ఏతాన్ పదమూడేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచి తెలుసు. వాళ్ళమ్మ తెలుగు చర్చిలో ఆయన భార్య సువర్ణకుమారి పక్కన కూర్చునేది. ఇప్పుడు వాడికి ఇరవై రెండు. రాత్రిపూట కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోస్తాడు, పగలు బంతి విసురుతాడు. పోయిన ఎండాకాలంలో ఈ చుట్టుపక్కల జట్లలో వాడే మొదటివాడు. ఈ చలికాలం వాడు విసిరిన బంతులు ఎక్కడికి పోతున్నాయో వాడికే తెలియలేదు. బ్యాటర్ల నెత్తిమీదుగా పోయాయి. ఒకడి చెవికి తగిలింది. జూన్‌లో క్రెయిగ్ వాడిచేత చెయ్యి తిప్పే పద్ధతే మార్పించాడు. దాంతో ఇంకా చెడింది. ఇక్కడ వద్దంటే తను ఆటే మానేస్తానని వాడు వాళ్ళమ్మతో అన్నాడు. గ్లవ్ అమ్మకానికి పెట్టాడు.

ఎనిమిదిన్నరకు సుందర్ రాజు బ్యాటర్ నిలబడే చోటికి వెళ్ళాడు. అక్కడ నేలలో పొదిగిన అయిదు మూలల తెల్ల పలక అంచు చిట్లింది. కొత్తది వేయాలి. దాన్ని లెవెల్‌గా కూర్చోబెట్టడానికి నిన్ననే, నీళ్ళు నింపి రెండు కొసల మట్టం చూసే ఇరవై అయిదు మీటర్ల గొట్టం కొన్నాడు. ఇన్నాళ్ళూ పది మీటర్ల ముక్కతో నెట్టుకొచ్చాడు.

పలక వేశాడు. చేత్తో నొక్కి, చెక్క పెట్టి సుత్తితో తట్టి కూర్చోబెట్టాడు. గొట్టం చేతిలో ఉంది, పొడవుగా ఉంది. దిబ్బ దాకా వస్తుంది. వచ్చేదాన్ని ఎందుకు వదలాలని ఒక కొసను పలక పక్కన కర్రకు కట్టి, రెండో కొసను లాక్కుంటూ దిబ్బ మీదికి ఎక్కాడు. నీళ్ళు ఊగి ఊగి నిలిచాయి. టేపు పెట్టి చూశాడు.

పదమూడు.

గొట్టంలో గాలిబుడగ ఉందేమోనని నీళ్ళు వదిలి మళ్ళీ నింపాడు. పదమూడు. కొసలు తారుమారు చేశాడు. పదమూడే.

ఆయన దిబ్బ అంచున కూర్చుండిపోయాడు.

ఏప్రిల్‌లో దిబ్బను తిరిగి కట్టింది ఆయనే. అప్పుడు పాత దిబ్బను కొలిస్తే ఏడు అంగుళాలే వచ్చింది. వానలకు అరిగిపోయిందనుకుని మూడు అంగుళాల మట్టి వేసి పది చేశాడు. కొలిచింది పక్కనున్న గడ్డి నుంచి. పాలకొల్లు దగ్గర పల్లెలో తాపీమేస్త్రిగా ముప్పై ఏళ్ళు అరుగులు కట్టాడు. అరుగు ఎత్తును ఆనుకుని ఉన్న నేల నుంచే కొలుస్తారు. మరో చోటు నుంచి కొలవాలన్న ఆలోచనే మేస్త్రికి రాదు. ఇక్కడ దిబ్బ ఎత్తును అరవై అడుగుల అవతలి పలక నుంచి కొలవాలి. వాననీరు పోవడానికి మైదానం అటువైపు మూడు అంగుళాలు వాలి ఉంది. పాత దిబ్బ అరగలేదు. అది సరిగ్గానే ఉంది. మూడు అంగుళాలు పెరిగిన చోటు నుంచి విసిరితే బంతి గురి తప్పుతుంది.

గొట్టం పొట్టిదన్నది సాకు. పొడుగుది కొనుక్కోవచ్చు. కొనలేదు.

గది గోడకు తగిలించిన అంకెల పట్టిక దగ్గరకు వెళ్ళి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఏతాన్ తప్పుడు బంతులతో బ్యాటర్లను ఊరికే మొదటి బేస్‌కు పంపిన లెక్క అది. ఇక్కడ ఆడిన ఆటల్లో ముప్పై ఒకటి. బయట ఆడినవాటిలో ఆరు. రెండు వరుసలూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్నాయి. కమిటీలో ఆరుగురు చదువుకున్నవాళ్ళు. అందరూ కింద ఉన్న మొత్తం మాత్రమే చూశారు.

పదకొండింటికి జయంత్ వచ్చాడు. నలభై అయిదేళ్ళవాడు, రోడ్ల కంపెనీలో ఇంజనీరు, విజయవాడవాడు. సుందర్ రాజును ఈ పనిలో పెట్టింది అతనే. సుందర్ రాజు అతన్ని దిబ్బ దగ్గరకు తీసుకెళ్ళి గొట్టం చూపించాడు. జయంత్ టేపు వైపు చూసి, మైదానం వైపు చూసి, మెల్లగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఇవాళ వద్దు అంకుల్. క్రెయిగ్ ఆల్రెడీ టెన్షన్‌లో ఉన్నాడు. మండే వచ్చి సైలెంట్‌గా మూడంగుళాలు తీసెయ్యండి. ఎవరికి తెలుస్తుంది?”

“ఆ కుర్రోడికి తెలియాలి కదండీ.”

“వాడు జీలాంగ్ వెళ్తే అక్కడి మౌండ్ మీద బాగానే ఆడతాడు. ఫ్రెష్ స్టార్ట్.”

“రానూపోనూ నాలుగ్గంటలండి. రాత్రి డ్యూటీ చేసొచ్చి ఏ ఓపికతో వెళ్తాడు? మానేస్తాడు.”

జయంత్ టేపు చుట్టి ఆయన చేతికి ఇచ్చాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఏప్రిల్‌లో దిబ్బ ఎత్తు సరిగా ఉందని లీగ్‌కు పంపిన ఫారం మీద సంతకం తనది. కొలిచినవారు అన్న చోట తన పేరే ఉంది, ఇంజనీర్ అని కూడా రాసుకున్నాడు.

“మీరు కొలిచారు కదా అని పెట్టాను అంకుల్.”

“నేను తప్పు కొలిచానండి. మీరు అసలు కొలవలేదు. రెండూ చెప్తాను.”

“ఐటమ్ త్రీ మీదే. మర్చిపోయారా?”

“చదివానండి.”

జయంత్ కారు దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, ఈ క్లబ్బులో ఆయన కోసం తను ఎంత మాట్లాడాడో గుర్తు చేశాడు. అది నిజమే. సుందర్ రాజు నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని గొట్టం చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఒంటిగంటకు కొట్టంలో కూర్చుని డబ్బా తెరిచాడు. అన్నం, దోసకాయ పప్పు. సగం తిన్నాడు. సువర్ణకుమారి ఉన్నప్పుడు ఈ పప్పులో వెల్లుల్లి పడేది. ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె ఉద్యోగం మీదే ఇద్దరూ ఈ దేశం వచ్చారు. నాలుగేళ్ళ కిందట ఆమెకు స్కాన్ తీసి, ఏమీ లేదన్నారు. ఎనిమిది నెలల తర్వాత అదే స్కాన్‌ను మరొకరు చూసి, మచ్చ అప్పటికే ఉందన్నారు. ఆమె పోయాక ఒక ఉత్తరం వచ్చింది. చింతిస్తున్నాము అని ఉంది, సానుభూతి అని ఉంది. తప్పు అన్న మాట కోసం ఆయన ఆ రెండు పేజీలనూ వేలు పెట్టి వెతికాడు. లేదు. తప్పు చూశాను అని ఒక్క మనిషి ఎదురుగా వచ్చి చెబుతాడని ఏడాది పాటు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ఆయన వాళ్ళను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

మూడింటికి టోపీ తీసి చంకలో పెట్టుకుని గదిలోకి వెళ్ళాడు. బల్ల చుట్టూ ఆరుగురు. అధ్యక్షురాలు మార్గరెట్ రిటైరైన టీచరు. క్రెయిగ్ లావుపాటి మనిషి, ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉంటాడు. పనివాడి సంగతి చివర్లో కదా అని మార్గరెట్ గుర్తుచేసింది. రెండోదానికి ముందే మాట్లాడాలని సుందర్ రాజు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. దిబ్బ మూడు అంగుళాలు ఎక్కువ ఉంది, ఏప్రిల్ నుంచి ఉంది, తప్పు కొలిచింది తాను, సంతకం పెట్టినాయన కొలవలేదు. నాలుగు వాక్యాలు. పొద్దున్నుంచి లోపల కూడబలుక్కున్నవి కాబట్టి తడబడలేదు.

పిచర్లు చెప్పే సాకులు అన్నీ విన్నానని, పనివాడు వాళ్ళ తరఫున సాకు చెప్పడం ఇదే మొదటిసారని క్రెయిగ్ అన్నాడు. ఇద్దరు నవ్వారు. సుందర్ రాజు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళు లేచేదాకా అలాగే నిలబడ్డాడు.

దిబ్బ మీద టేపు క్రెయిగ్ స్వయంగా పట్టుకున్నాడు. ఒకసారి చూశాడు. వంగి మరోసారి చూశాడు. నమలడం ఆగింది. గోడమీది పట్టికలో ముప్పై ఒకటి, ఆరు అన్న అంకెల సంగతి కూడా సుందర్ రాజు చెప్పాడు. క్రెయిగ్ గింజల తొక్కులు అరచేతిలోకి ఉమ్మి, ఆ పిల్లాడి చెయ్యి మార్పించింది నేనే అన్నాడు. ఎవరితోనూ అన్నట్టు లేదు.

తర్వాత అంతా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఏతాన్‌ను ఇవ్వడం లేదు. క్రెయిగ్ ఇంకో ఏడాది మేనేజరు. సంతకం విషయం పద్ధతిలో లోపం అని రాసుకున్నారు. పద్ధతికి పేరు ఉండదు కాబట్టి ఎవరి పేరూ రాలేదు. ఇకమీదట మైదానం పని సర్టిఫికెట్ ఉన్న కంపెనీకి ఇస్తారు. సుందర్ రాజు కాంట్రాక్టు ఈ రోజుతో ముగిసింది. నిజాయితీగా చెప్పినందుకు మార్గరెట్ కృతజ్ఞతలు చెప్పింది. జయంత్ నిర్ణయాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తల ఎత్తలేదు.

మంగళవారం కంపెనీవాళ్ళు వచ్చి దిబ్బ సరిచేస్తారని మార్గరెట్ చెప్పింది. ఈ రోజు తాను చేస్తానని సుందర్ రాజు అన్నాడు. ఈ రోజు ముగిసేదాకా పని తనదే కదా అన్నాడు. ఆమె క్రెయిగ్ వైపు చూసింది. చెయ్యనివ్వు అన్నాడు క్రెయిగ్.

ఆయన పార అందుకున్నాడు. ఆరు నెలలు దిమ్మిసతో కొట్టిన మట్టి. పార దిగనంది. గునపం తెచ్చాడు. పొద్దున మోగేదాకా కొట్టిన ముద్దలను కూడా పెళ్ళగించాడు. మూడు అంగుళాలు ఒకేసారి తీయలేదు. అరంగుళం చొప్పున చెక్కుతూ, వాలు చెడకుండా, పురికొస లాగి చూసుకుంటూ తీశాడు. మట్టి తోపుడు బండిలో వేసి కంచె పక్కన పోసి వచ్చాడు. పద్నాలుగు బళ్ళు. నడుము పట్టేసింది. నిలబడి రెండు చేతులతో నొక్కుకుని మళ్ళీ వంగాడు.

అయిదింటికి ఏతాన్ వచ్చాడు. క్రెయిగ్ ఫోన్ చేసి చెప్పాడట. పొడుగ్గా, భుజాలు ముందుకు వాలి, నిద్ర చాలని కళ్ళతో దిబ్బకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది. మాట్లాడడు.

సుందర్ రాజు గునపం కింద పెట్టి లేచాడు.

“తప్పు నాది, ఏతాన్ బాబూ. కొలవడం తప్పు కొలిచాను. నీ చేతిలో ఏ లోపం లేదు.”

“సిక్స్ మంత్స్, అంకుల్,” అన్నాడు ఏతాన్. “ఐ థాట్ మై షోల్డర్ వాజ్ గాన్.”

“ఆరు నెలలు,” అన్నాడు సుందర్ రాజు. “ఆయ్. నేను చేసిందే.”

పర్వాలేదు అని వాడు అనలేదు. అంటే ఆయన నమ్మేవాడు కాదు. వాడు వంగి గొట్టం కొస తీసుకుని పలక దగ్గరకు నడిచాడు. కర్రకు ఆనించి పట్టుకుని, నీళ్ళు నిలిచేదాకా కదలకుండా ఉన్నాడు. ఇవతల ఆయన టేపు పెట్టాడు. పది. ఇద్దరూ కొసలు మార్చుకున్నారు. పది.

వెలుగు ఇంకా అరగంట ఉంది. ఏతాన్ కారులోంచి గ్లవ్, నాలుగు బంతులు తెచ్చుకున్నాడు. అవతల పట్టేవాళ్ళు లేరు, పలక వెనక చెక్క కంచె ఉంది. సుందర్ రాజు కొట్టం ముందు కుళాయి దగ్గర పార కడుగుతున్నాడు. అటు తిరగలేదు. మొదటి బంతి చెక్కకు తగిలిన చప్పుడు విన్నాడు. రెండోది. మూడోది. మూడూ ఒకే చోట, ఒకే చప్పుడు. నాలుగోది తగిలేదాకా కుళాయి కట్టలేదు.

పనిముట్లు తుడిచి వరుసగా తగిలించాడు. సుత్తి, రంగు డబ్బా పట్టుకుని చెక్క కంచె వైపు ఒకసారి వెళ్ళి వచ్చాడు. తాళంచెవి మార్గరెట్ చేతికి ఇచ్చాడు. జయంత్ ఇంటి దగ్గర దింపుతానన్నాడు. అక్కర్లేదండీ, బస్సుంది అన్నాడు. టోపీ పెట్టుకుని రోడ్డు మీదికి నడిచాడు. వెనక్కి చూసే మనిషి కాదు, చూడలేదు.

ఏతాన్ కారు దగ్గర ఫోన్ మాట్లాడి వచ్చి, బంతులు ఏరుకోవడానికి కంచె దగ్గరకు వెళ్ళాడు. కింద, గుంజకు, సరిగ్గా తెల్ల పలక ఎత్తులో, దిబ్బ కొలత మొదలుపెట్టాల్సిన చోట ఒక కొత్త మేకు దిగి ఉంది. దాని చుట్టూ గీతలకు వాడే తెల్లరంగుతో చేత్తో దిద్దిన సున్నా, ముట్టుకుంటే వేలికి అంటుకునేంత పచ్చిగా ఉంది.