మట్టి పాఠం

"బొమ్మలేసే చేతులేగా నగ్లా, కాస్త సన్నగా చుట్టు" అంది మా అత్తగారు, నేను క్యాబేజీ ఆకుల్లో బియ్యం పెట్టి మహ్షీ చుడుతుంటే. నా చదువు ఈ ఇంట్లో పనికొచ్చేది ఇక్కడొక్కచోటే. ఈజిప్టులోని మన్సూరా ఊళ్లో ఆడపిల్లల బడికి పదమూడేళ్లుగా డ్రాయింగు టీచర్ని. మా ఆయన షెరీఫ్ లెక్కలో అది ఉద్యోగమే కాదు. "నీకేం, రోజంతా విశ్రాంతే. ఇంటికొచ్చి నాలుగు ఆకులు చుట్టడానికి ఏడుపా?" అంటాడు. నిజమే, విశ్రాంతే. నా పీరియడ్లన్నీ లెక్కల టీచరు పట్టుకుపోతుంది మరి. "ఏమనుకోకు నగ్లా, నీ సబ్జెక్టు మార్కులు మొత్తంలో కలవవు కదా" అంటుంది. ఏమనుకుంటాను? స్టాఫ్ రూములో అందరికీ టీ పెడుతుంటాను. ఖాళీగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కదా.

పాఠాల పుస్తకం మాత్రం నిండాలి. ఏ రోజు ఏం చెప్పామో టీచర్లు రాసి పెట్టే పుస్తకం అది. ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెడతాడు. ఈ ఏడాది ముప్ఫై ఒక్క పాఠాలు రాశాను. మట్టితో పక్షి, గుడ్డపేలికలతో బొమ్మలాట, డప్పు దరువు వింటూ రంగులు వేయడం. పేజీల చుట్టూ పూల అంచులు కూడా గీశాను. ఒక్క పాఠమూ జరగలేదు. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని నిన్న హెడ్మిస్ట్రెస్ నా పుస్తకం తిరగేసి ముచ్చటపడింది. "బడికే పేరొస్తుంది నీ పుస్తకంతో. అన్నీ జరిగాయని రాసి సంతకం పెట్టెయ్" అంది.

మహ్షీ గిన్నె పొయ్యి మీదికెక్కించి, చేతులు తుడుచుకుని పుస్తకం ముందేసుకున్నాను. నా కూతురు హనా పక్కన చేరింది. మా బడిలోనే నాలుగో తరగతి. వేలు పెట్టి చదివింది.

"అమ్మా, మట్టి పక్షి మా క్లాసుకేనా?"

"ఊఁ."

"ఎప్పుడు చేశాం?"

"చెయ్యలేదు."

"మరి రాశావుగా." పేజీ మీద వేలు తియ్యకుండానే మళ్లీ అడిగింది. "మట్టి చల్లగా ఉంటుందా అమ్మా?"

నైలు ఒడ్డున పుట్టిన పిల్ల. తొమ్మిదేళ్లొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్లూ లెక్కల టీచరు మీద పళ్లు నూరాను గానీ, జరగనిదాన్ని జరిగినట్టు ఇంత అందంగా రాసిపెట్టింది నేనే.

ఎర్ర పెన్ను తీసి, మొదటి పేజీ కింద "ఈ పాఠం జరగలేదు" అని రాసి సంతకం పెట్టాను. తర్వాత రెండో పేజీ. షెరీఫ్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"మతి పోయిందా? ఏ మారుమూల పల్లెకో విసిరేస్తారు నిన్ను. అప్పుడీ ఇల్లెవరు చూస్తారు, మా అమ్మా?"

భయం వేసింది. అయినా చివరి పేజీ దాకా రాశాను.

అప్పుడే జగాజిగ్‌లోని మా పుట్టింటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. రోజూ ఇదే వేళకి చేస్తుంది, ఒకే మాట అడుగుతుంది. "ఎలా ఉన్నావే, బాగున్నావా?" పెళ్లైన పదకొండేళ్లుగా నా జవాబూ ఒకటే. అల్‌హందులిల్లా, దేవుడి దయవల్ల బాగున్నానమ్మా, వీళ్లు నన్ను బాగా చూసుకుంటారు.

అత్తగారు గిన్నె మూత తీసి చూస్తోంది. షెరీఫ్ ఎదురుగానే ఉన్నాడు. ఎర్ర పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది.

"లేదమ్మా" అన్నాను. "బాగాలేను."