పక్కన నాకూ జాగా

ఎరిక్ పోయాక కూడా ఆయన ఫోన్‌కి రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను. పెట్టక తప్పదు. గ్యాస్, బ్యాంకు, కరెంటు, అన్నిటి ఓటీపీలూ దానికే వస్తాయి. మదనపల్లెలో ఈ ఇల్లు లేచింది నా నర్సు జీతం మీద తెచ్చిన లోనుతోనే అయినా, కాగితాల్లో నా పేరు ఎక్కడా లేదు. "మగోడి పేరుంటే ఆఫీసుల్లో పని సులువు బీనా, నీకు యాల ఆ తిరుగుడు?" అనేవారు మా ఆయన. ఇప్పుడు ఆ తిరుగుడంతా నాదే. మున్సిపాలిటీలో డెత్ సర్టిఫికెట్, సచివాలయంలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, కరెంటాఫీసులో మీటరు పేరు మార్పు. డ్యూటీ దిగి అలాగే పోయి క్యూలో నిలబడుతున్నాను. ప్రతి కిటికీ దగ్గరా అదే మాట, "ఇంట్లో మగోళ్లెవరూ లేరామ్మా?" అని. లేకేం, మరిది డానీ ఉన్నాడు. సమాధి రాయి పని చూస్తున్నాడు.

ఈ ఉదయం ఆ ఫోన్‌కి వైరు పెడుతుంటే ఒక ఫోటో వచ్చింది. కుప్పం నుంచి, రాయి చెక్కే మునిస్వామి పంపాడు. ఇంటి నంబరంటే అన్న నంబరే కదా, డానీ అలవాటుగా అదే ఇచ్చేసినట్టున్నాడు. నల్లరాయికి ఎడమ పక్క 'ప్రభువునందు నిద్రించిన ఎరిక్' అని ఉంది. కుడి పక్క 'బీనా'. దాని కింద నేను పుట్టిన సంవత్సరం, ఒక గీత, తర్వాత ఖాళీ. 'అక్షరాలు సరిగా ఉండాయా సార్?' అని మెసేజ్.

డానీ, అత్తమ్మ టిఫిన్ తింటున్నారు. ఫోన్ వాళ్ల ముందు పెట్టాను.

"చర్చి అయ్యగారితో మాట్లాడి పక్కన జాగా కూడా పెట్టించినాం వదినా. అన్న ఒక్కడే యాల ఉండాల?" అన్నాడు డానీ.

"నేనింకా బతికే ఉండాను డానీ."

"ఉండమ్మా, ఎవురొద్దన్నారు?" అత్తమ్మ చట్నీ వేసుకుంది. "ఎప్పటికైనా ఆడికే గదా పోయేది. ఇప్పుడే చెక్కిస్తే మళ్లా పని తప్పుతాది. ఏం, నీకేమన్నా వేరే ఆలోసన ఉండాదా?"

ఆ ఆఖరి మాట అడగడానికే మిగతావన్నీ అన్నదని అర్థమైంది. వేరే ఆలోచన ఏదీ లేదు నాకు. ఇప్పటికీ ఎరిక్ దిండు మీద చెయ్యి వేసుకునే పడుకుంటాను. కానీ ఒళ్లు మండిపోయింది. మీటరు మీద లేదు, గ్యాస్ పుస్తకంలో లేదు, గేటు పలక మీద లేదు. ఈ ఇంటివాళ్లు నా పేరు మొట్టమొదటిసారి రాయించింది గోరీ మీద! అదీ నన్ను ఒక్క మాట అడక్కుండా. ఆ ఖాళీ చూసిన ప్రతివాడూ అది ఎప్పుడు నిండుతుందా అని నా మొహం చూడడా? ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. ఆ లోపు రాయి వచ్చేస్తుంది, నిలబెట్టేస్తారు, అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత నేను ఏం మాట్లాడినా మొగుడి పక్కన ఉండనన్న ఆడదాన్ని అవుతాను. ప్లేట్లు తీసి కడిగాను. ఆసుపత్రికి సెలవు చెప్పి కుప్పం బస్సెక్కాను. తెలిసినవాళ్లెవరైనా చూసి ఇంట్లో చెప్తారేమోనని పుంగనూరు దాటేదాకా దించిన తల ఎత్తలేదు. ఆ తర్వాత భయం లేదు.

మునిస్వామి రాయి మీద దుమ్ము తుడిచి చూపించాడు. "సూడమ్మా, తప్పులేమన్నా ఉండాయా?"

"నడిమికి కోసెయ్యి. ఎడమ పక్క ఆయనది, బాగుండాది, పంపించు. కుడి పక్క నా పేరు వరకే కోసివ్వు. కింద గీత, ఖాళీ, అవి పారెయ్యి."

అతను రంపం వంకా నా వంకా చూశాడు. "డానీ సారు ఏమంటాడో. ఒక మాట అడగాలమ్మా."

"అడుగు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. విషయం వినగానే డానీ గట్టిగా అరిచాడు. "వదినా! ఊర్లో ఏమనుకుంటారు? ఆ ముక్క ఏం చేసుకుంటావు?"

"మన గేటుకి పెట్టుకుంటా" అన్నాను.