నమ్మేలోపే వచ్చినవాడు

వాల్దీవియా అనే ఏటి ఒడ్డు పట్నంలో చలికాలమంటే వానలే వానలు. అలాంటి ఒక ముసురులోనే ఔరేలియో వెనాంతేకి మతి తప్పింది. రేకుల కప్పు మీద పడే వాన తనకు ఆజ్ఞలిస్తోందని గట్టిగా నమ్మి, కట్టుబట్టలతో నదిలోకి దిగిపోయాడు. పడవవాళ్ళు పైకి లాగి ఆసుపత్రికి చేర్చారు. అప్పటినుంచీ అతనికి వైద్యం చేస్తున్నది డాక్టర్ ఎలియానా బార్రియెంతోస్.

మందులు పనిచేశాయి. వాన మళ్ళీ ఉత్త వానైపోయింది. కానీ ఔరేలియో పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించి బతికే మనిషి. మందులు వేళ్ళని కొయ్యబార్చాయి. నిద్రమత్తు మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. కొన్నేళ్ళు ఓర్చుకుని, ఒకరోజు అక్క ఓల్గాని వెంటబెట్టుకుని వచ్చాడు.

"డాక్టరమ్మా, మాత్రలు మానేస్తాను. మీరు తోడుంటే మీతో కలిసి, లేదంటే ఒక్కణ్ణే."

"వీడి మొహం! మళ్ళీ నదిలోకి దిగితే ఆసుపత్రుల చుట్టూ తిరగడానికి నాకు ఓపిక లేదు," అంది ఓల్గా. ఆమె ఏటి ఒడ్డు సంతలో పొగబెట్టిన చేపలమ్ముతుంది. ఆ గొంతు ఆసుపత్రంతా వినపడింది.

ఆలోచించి చెబుతానని ఎలియానా వాళ్ళని పంపింది. ఆ సంగతి వైద్యుల సమావేశంలో ఎత్తగానే డాక్టర్ హాసే కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు.

"బాగున్నవాణ్ణి ఎందుకు కదుపుతావు? మానేసిన వాళ్ళలో చాలామందికి తిరగబెట్టడం నువ్వు చూడలేదా?"

"చూశాను. తిరగబెట్టని వాళ్ళనీ చూశాను. ఇతను ఏ కోవలోకి వస్తాడో నీకు తెలుసా?"

"తెలీదు. తెలీదు కాబట్టే వద్దంటున్నా."

"మనం మానొద్దంటే మాత్రలు వేసుకుంటాడా? మనకి చెప్పకుండా మానేస్తాడు. అప్పుడు చూసేవాళ్ళే ఉండరు."

హాసే గొణుక్కున్నాడు గానీ కాదనలేదు. చివరికి, ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తగ్గించాలని, ప్రతి మెట్టు మీదా కొన్ని నెలలు ఆగాలని, తమ్ముడి నిద్ర ఏమాత్రం చెడినా ఓల్గా కబురు పెట్టాలని తేల్చుకున్నారు.

వేసవిలో మాత్ర సగానికి దిగింది. ఔరేలియో మొహంలోకి కళ వచ్చింది. వేళ్ళు మెల్లగా మీటల మీద పరుగెత్తసాగాయి. మరో మెట్టు దిగారు. ఇంతలో వానలు మొదలయ్యాయి.

ఒక ఉదయం ఎలియానా ఆసుపత్రి తలుపు తీసేసరికి అతను మెట్ల మీద తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు. 

"డాక్టరమ్మా, వాన మళ్ళీ మాట్లాడుతోంది. నేనింకా నమ్మట్లేదు. నమ్మేలోపు మీ దగ్గరికి రావాలని పరుగెత్తుకొచ్చాను."

లోపల తలెత్తే ఆ గొంతు ఎంత నిజంగా ఉంటుందో ఎలియానా రోగుల నోట వింటూ వచ్చింది. దాని పిలుపు వింటూనే దానికి ఎదురు తిరిగి, వానలో ఊరంతా దాటి వచ్చిన మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తోంది. తన కోటు తీసి అతని భుజాల మీద కప్పింది.

హాసే వచ్చాడు. 'నేను ముందే చెప్పలేదా' అంటాడేమోనని ఆమె కాచుకుంది. ఆయన అలా అనలేదు. ఔరేలియో ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఇంత ధైర్యం ఎక్కడిది నీకు?"

"ధైర్యం కాదు సార్, భయం. కానీ ఈమె నన్ను తిట్టదని తెలుసు. అందుకే వచ్చాను."

మందు మళ్ళీ సగం మాత్రకి పెంచారు. కొద్ది రోజులు ఓల్గా సంత మానేసి తమ్ముడి పక్కనే కూర్చుంది. వాన సద్దుమణిగింది, అతని లోపల కూడా.

"అయితే నేను ఓడిపోయినట్టేనా?" అని తర్వాత అడిగాడు.

"సగం మాత్రతో నీ వేళ్ళు ఆడుతున్నాయి, నిద్ర పడుతోంది. అది ఓటమైతే అలాంటి ఓటములు అందరికీ రావాలి," అంది ఎలియానా. "ఎప్పటికీ ఇంతేనా అంటే నాకు తెలీదు. మళ్ళీ ప్రయత్నించాలనిపిస్తే చెప్పు, కలిసి చూద్దాం."

"ఇప్పుడొద్దులెండి. ఈ చిన్న మాత్రతో నాకు పేచీ లేదు."

ఆ తర్వాత వైద్యుల సమావేశంలో మరో అమ్మాయి విషయం వచ్చింది. ఆమె కూడా మాత్రలు మానాలనుకుంటోంది. కుర్రడాక్టరొకడు "కుదరదని చెప్పేద్దాం" అన్నాడు. హాసే కళ్ళజోడు తుడుచుకుంటూ, "ముందు ఆ పిల్లని పిలిచి, ఎందుకు మానాలనుకుంటోందో అడుగు," అన్నాడు.