జ్వరం చెప్పిన తేదీ

"గ్రీనే వచ్చింది గదా, ఇంక పండుడేంది? లే, డబ్బలు కట్టాలె," అన్నాడు గంగాప్రసాద్, ఫోన్ ఉమాదేవి ముఖం ముందు ఆడిస్తూ. కరోనా లేదని యాప్‌లో ఆకుపచ్చ రంగు వచ్చింది కాబట్టి జ్వరం కూడా లేనట్టే లెక్క. అప్పటికి నాలుగు రోజులుగా ఆమె ఒళ్ళు కాలిపోతోంది. గుటక పడటం లేదు. ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు, మెడ కింద, చంకల్లో గడ్డలు. అయినా లేచింది. తాముండే ముసఫాలోనే సైటులో పనిచేసే తన దోస్తులు ఐదుగురికి అన్నం పంపిస్తానని మాటిచ్చింది ఆయన, వండేది ఈమె. జగిత్యాల నుంచి వీడియో కాల్‌లో, గల్ఫ్‌నంతా దుబాయ్ అనే అత్త సాయవ్వ కోడలి వాలకం చూసి, "దుబాయ్‌ల ఏసీ కింద పండెటోళ్ళకు జరమేందే, పనికి ఏషాలు గాకపోతే," అంది. తల్లీకొడుకులు నవ్వుకున్నారు. ఉమాదేవి గట్టు పట్టుకుని నిలబడి పప్పుకు తాలింపు వేసింది.

పదో రోజు ఆమె వంటింట్లో పడిపోయి డబ్బాలు ఆగిపోయాయి. అప్పుడు తీసుకెళ్ళాడు ఆస్పత్రికి. డాక్టర్ తస్లీమా హైదరాబాద్ ఆవిడ, తెలుగు వచ్చు. రక్తం తీయించి, నాలుగు రోజుల తర్వాత ఉమాదేవిని ఒక్కదాన్నే లోపలికి పిలిచి, హెచ్ఐవీ అని చెప్పింది. "మందులు వాడితే నిండు నూరేళ్ళు బతుకుతావమ్మా. నీ జ్వరం, గడ్డలు ఉత్తగ రాలేదు. వైరస్ లోపలికి రాగానే నీ ఒళ్ళంతా లేచి దాంతో కొట్లాడింది, అదే ఆ జ్వరం. రక్తంలో వైరస్ కనిపిస్తోంది గానీ దాని మీద యాంటీబాడీలు ఇంకా తయారవలేదు. అంటే ఇది కొత్తగా వచ్చింది. నెల, మహా అయితే నెలన్నర."

భయం తర్వాత వచ్చింది, ముందు ఒళ్ళు మండింది. తన ఒళ్ళు తన కోసం ప్రాణం పెట్టి పోరాడుతున్న రోజుల్లో ఆమె చేత పప్పు వండించారు, వేషాలన్నారు. ఇంట్లో విషయం చెబితే గంగాప్రసాద్ అదిరిపడలేదు. "గర్భసంచి తీసినప్పుడు రక్తం ఎక్కిచ్చిన్రు గదా, ఆడ అంటింది నీకు," అన్నాడు వెంటనే. మర్నాడు సాయవ్వ ఫోన్ చేసి అదే మాట, అక్షరం పొల్లు పోకుండా అంది. ఆ ఆపరేషన్ జరిగి మూడేళ్ళు. అతను ముసఫా నుంచి దుబాయ్ వెళ్ళి, రాత్రి బేరాలకు పేరుపడ్డ నైఫ్ పేటలో గది తీసుకుని, సైటు పనని రెండు నెలలుండి, తిరిగొచ్చి ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో ఆమె కూరగాయల కొట్టు దాటి పోలేదు.

"టికెట్ చేసిన, శుక్రారం ఎల్లిపో," అన్నాడు. "నేను గూడ పరీక్షకు పోతే నా వీసా ఖలాస్. ఒక్కలన్న ఈడుండాలె గదా. డాక్టరమ్మ అడిగితే మొగడు జగిత్యాలల ఉన్నడని చెప్పి కాయితాలు తీసుకొని రా." ఎంత బాగా ఆలోచించాడు! ఒంటరిగా ఊళ్ళో దిగితే, దుబాయ్‌లో ఏం తిరుగుళ్ళు తిరిగి తెచ్చుకుందోనని ఊరంతా కూస్తుంది. చచ్చేదాకా ఆ పేరు ఆమెది. వీసా, మర్యాద అతనివి. రేపు ఇంకే ఆడమనిషికి అంటించినా అడిగేవాడుండడు. రాత్రి కంచాలు తోముతూ ఆమె అతని కంచం ఒక్కటీ తోమకుండా వదిలేసింది. అతను గమనించలేదు.

మర్నాడు తస్లీమా కాగితాలు ముందు పెట్టుకుని, "మీ ఆయనకూ పరీక్ష చేయాలి. ఎక్కడుంటారు?" అని అడిగింది. హెచ్ఐవీ ఉందని తేలిన పరాయివాళ్ళను ఈ దేశం వెనక్కి పంపేస్తుందని, అతనికీ ఆ పరీక్ష చేస్తే ఇద్దరూ పెట్టెలు సర్దుకోవాల్సిందేనని ఉమాదేవికి తెలుసు. వచ్చేటప్పుడు కలిసి వచ్చారు, పోయేటప్పుడు కూడా కలిసే పోతారు.

"కిందనే ఉన్నడు మేడం, కారుల," అంది. "నేను పిలిస్తె రాడు. మీరే పిలువుండ్రి."