నేలమీద కూర్చున్నవాడు

మా ఆయన రగ్బీ కోచ్. మా తమ్ముడు అదే జట్టులో ఆటగాడు. ఈ రెండు ముక్కలు చెబితే చాలు, నా బతుకెలాంటిదో ఆడవాళ్ళకు అర్థమైపోతుంది. గెలిచిన రోజు ఇంట్లో ఇద్దరు వీరులు, ఓడిన రోజు ఇద్దరు శవాలు. మధ్యలో అతుకులు వేసే దర్జీని నేను. ఇది ఎగతాళికి అంటున్నది కాదు, వీధి చివర నాకు నిజంగానే బట్టలు సరిచేసే కొట్టుంది. జట్టు జెర్సీలన్నీ నా దగ్గరికే వస్తాయి. రూలు ఒప్పుకోకపోయినా కాలర్ పట్టుకుని లాగుతారు కనుక ముందు భుజం కుట్టు పోతుంది. అందుకే అక్కడ రెండు వరసలు కుడతాను.

మా ఆయన ఒకప్పుడు ఆ జట్టుకే కెప్టెన్. మోకాలు పోయాక ఆట మానేశారు. పోయిన ఏడు పాత కోచ్ వెళ్ళిపోతే ఆ కుర్చీ ఈయనకిచ్చారు. ఇంట్లో మిఠాయిలు పంచాం. ఇల్లు అలకగానే పండగ కాదని తర్వాత తెలిసింది. ఆ జట్టును నడిపేది కోచ్ కాదు, ముగ్గురు సీనియర్లు. పెద్ద తలకాయ మేస్త్రి. పగలు ఇళ్ళు కట్టిస్తాడు, సాయంత్రం కెప్టెన్. రెండోవాడు లారీ. లారీ నడుపుతాడు కాబట్టి ఆ పేరని కొందరు, ఎదురొస్తే లారీయే కాబట్టి అని కొందరు. మూడోవాడు నస. వాడి పేరుకు కారణం చెప్పక్కర్లేదు.

వాళ్ళకొక ఆచారం ఉండేది. దాన్ని 'నేల క్లాసు' అనేవాళ్ళు. మ్యాచ్ పూర్తి కాకుండా తన కాళ్ళమీద తాను నడిచి బయటికొచ్చినవాడు, డ్రెస్సింగ్ రూములో బెంచీ ఎక్కకూడదు. నేలమీదే కూర్చోవాలి. ఇంకో మ్యాచ్ చివరిదాకా ఆడేవరకు వాడితో ఎవరూ మాట్లాడకూడదు, వాడి వంక చూడకూడదు. స్ట్రెచర్ మీద మోసుకొస్తే మాత్రం తప్పులేదు. అంటే విరిగితే గౌరవం, నొప్పెడితే సిగ్గు. ఎంత గొప్ప తెలివో చూడండి.

తమ్ముడికి ఒకసారి చీలమండ మెలిపడింది. కుంటుకుంటూ బయటికొచ్చాడు. ఆ తర్వాత ఒకరోజు నా కొట్టుకొచ్చి ఇస్త్రీ బల్ల పక్కన కూలబడ్డాడు.

"ఒక్కడు కూడా మంచినీళ్ళ సీసా అందించలేదక్కా. నేను గదిలో లేనట్టే నా మీంచి దాటుకుంటూ పోయారు."

"వాళ్ళ మొహాలు. నువ్వెందుకు పట్టించుకుంటావు?"

"నీకు తెలీదులే. ఇంకోసారి నేను నడిచి బయటికి రాను. మోసుకు రావాల్సిందే."

"నోరు మూసుకో, అశుభం మాటలు," అని నెత్తిన ఒకటి మొట్టాను. ఆ తలమీదే.

ఆ రోజునుంచి మా ఆయన ప్రాణం తోడేశాను. 'కోచ్ అయ్యారుగా, ముందు ఆ దిక్కుమాలిన ఆచారం తీసిపారేయండి' అని. ఆయన నీళ్ళు నమిలేవారు. సీనియర్లంటే భయమనుకున్నాను. సెమీఫైనల్‌కు నెల ముందు, చివరికి, ఆ పని చేశారు. కుట్టిన జెర్సీలు ఇవ్వడానికి వెళ్ళి నేను గది గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను.

"ఇవాళ్టినుంచి నేల క్లాసు లేదు. దెబ్బ తగిలితే చెప్పాలి, బయటికి రావాలి. వచ్చినవాడు బెంచీమీదే కూర్చుంటాడు," అన్నారు మా ఆయన.

మేస్త్రి బూటు తాడు కట్టుకోవడం ఆపలేదు. "ఒక్క మాట అన్నా. ఈ రూలు పెట్టిందెవరు?"

గదిలో తలలన్నీ మా ఆయన వైపు తిరిగాయి.

"నువ్వే కదన్నా," అన్నాడు లారీ, నవ్వుతూ. "నువ్వు కెప్టెన్‌గా ఉన్నప్పుడు నన్ను కూర్చోబెట్టావు. మేస్త్రిని కూర్చోబెట్టావు. దాని వల్లే మేం మనుషులమయ్యాం."

"అప్పుడు నాకు బుద్ధి లేదు. ఇప్పుడొచ్చింది. ఇక లేదంటే లేదు."

"సరే అన్నా," అన్నాడు మేస్త్రి. "నువ్వు చెప్పాక ఇంకేముంది."

ఆ 'సరే' ఎలాంటిదో నాకు తెలుసు. మా వంటగది గోడ కట్టించినప్పుడు కిటికీ కొంచెం కిందికి పెట్టమన్నాను. ఇలాగే సరే అన్నాడు. ఇవాళ్టికీ ఆ కిటికీ తెరవాలంటే నేను స్టూలెక్కాలి.

ఇంటికొచ్చాక మా ఆయన్ను కడిగేశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు చెప్పలేదు. నా తమ్ముడిని నేలమీద కూర్చోబెట్టింది మీరన్నమాట, అన్నాను.

"ఒక మ్యాచ్‌లో నలుగురు వరసగా కాలు పట్టేసిందంటూ వచ్చేశారు. ఒళ్ళు మండి, మీకు బెంచీ ఎందుకు, నేలమీద కూర్చోండన్నాను. ఆ ఒక్కరోజుకి అన్న మాట అది. తర్వాత మ్యాచ్ గెలిచాం. ఇక వాళ్ళు వదల్లేదు," అన్నారాయన.

"మీరు వదిలించారా?"

ఏకు మేకై కూర్చున్నాక ఏం చెబుతారు?

సెమీఫైనల్ రోజు నేను మైదానం మెట్లమీద మూడో వరసలో కూర్చున్నాను. మొదటి సగంలో తమ్ముడి తల ఎవరి మోకాలికో తగిలింది. పడ్డాడు, వెంటనే లేచాడు. కట్లు కట్టే కాంపౌండరు పరిగెత్తుకొస్తే బాగానే ఉన్నానని బొటనవేలు చూపించి పంపేశాడు. తర్వాత ఎదుటి జట్టు వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు. లారీ వాడి భుజాలు పట్టుకుని ఇటు తిప్పాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

విరామం తర్వాత ఇంకో దెబ్బ. ఈసారి లేచాడు గానీ బంతి ఒకవైపుంటే వీడు ఇంకోవైపు చూస్తున్నాడు. మా ఆయన గీత దగ్గరికి వచ్చి బయటికి రమ్మని అరిచారు. మేస్త్రి వద్దని చెయ్యి ఊపాడు. తమ్ముడు ఇద్దరి వంకా చూశాడు. బావకేసి ఒకసారి, కెప్టెన్‌కేసి ఒకసారి. ఎవరి మాట వినాలో తెలియని ఆ చూపు నాకు మెట్లమీదికి కూడా కనిపించింది. మా ఆయన ఊరుకోలేదు, రిఫరీకి చెప్పి మార్పించేశారు. దానికి నేనెప్పుడూ ఆయన్ని మెచ్చుకుంటాను. వాడు నడిచే బయటికొచ్చాడు.

అదే సమయానికి అటు చివర ఎదుటి జట్టు కుర్రాడికి మెడ ఎముక విరిగింది. అంబులెన్సు వచ్చేదాకా కాంపౌండరు అక్కడే ఉండాలి. చేతికి కట్టుతో ఆ రోజు ఆడకుండా ఉన్న నసను పిలిచి మా ఆయన చెప్పారు, "వీణ్ణి లోపలికి తీసుకెళ్ళు. పక్కనే ఉండు. మాట్లాడిస్తూ ఉండు, కళ్ళు మూసుకోనివ్వకు. కాంపౌండరు రాగానే లోపలికి పంపిస్తా."

"సరే అన్నా," అన్నాడు నస.

నేను జనాన్ని తోసుకుంటూ దిగి గది దగ్గరికి వెళ్ళాను. నస తలుపు కొంచెమే తీశాడు. "కూర్చున్నాడు వదినా. మగాళ్ళ గది, మీరు రాకండి," అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ఎక్కడ కూర్చున్నాడో చెప్పలేదంతే. బెంచీమీద నీళ్ళు తాగుతూ ఉన్నాడనుకుని నేను గుమ్మం బయటే నిలబడ్డాను.

లోపల జరిగింది తర్వాత నస నోటివెంటే విన్నాం. తమ్ముడు లోపలికి రాగానే తనంతట తనే మూలకెళ్ళి నేలమీద కూర్చున్నాడట. నస బెంచీమీద కూర్చుని తలుపు వంక చూస్తూ ఉన్నాడట. మాట్లాడలేదు. చూడలేదు. వాడి చేతికి కట్టుంది గానీ కళ్ళకేమైంది? నోటికేమైంది? వాడు కసాయివాడు కాదు. తమ్ముడంటే వాడికి ఇష్టమే. నేలమీద కూర్చున్నవాణ్ణి చూడకపోవడం వాడికి అలవాటు. అంతే.

మ్యాచ్ గెలిచాం. అందరూ పాడుకుంటూ గదిలోకి వెళ్ళారు. మూలలో కూర్చున్నవాణ్ణి చూసి, చూపు తిప్పుకుని, వాడి కాళ్ళు దాటుకుంటూ బూట్లు విప్పుకున్నారు. గడ్డం గుండెలకు ఆనించుకుని కూర్చున్నవాడికి సిగ్గుగా ఉందనుకున్నారట. అందరికీ చేతులు కలిపి, కాంపౌండరును వెంటబెట్టుకుని మా ఆయన చివర్లో వచ్చారు. ఆ తర్వాత ఆయన పెట్టిన కేక నాకింకా చెవుల్లో ఉంది.

ఆస్పత్రిలో తలలో గడ్డకట్టిన రక్తం తీశారు. జెర్సీని కత్తెరతో కోసి ఒక సంచిలో పెట్టిచ్చారు. అంతా ముక్కలైంది గానీ భుజం దగ్గర నా రెండు వరసల కుట్టు మాత్రం అలాగే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుని ఏడ్చాను. ఇంకాస్త ముందు తెచ్చుంటే, అన్నాడు డాక్టరు.

తిలా పాపం తలా పిడికెడు అన్నారు. జట్టు కమిటీ అడిగితే, కెప్టెన్ పాటించే ఆచారం ప్రకారమే ఉన్నానన్నాడు నస. అది అన్న పెట్టిన ఆచారమన్నాడు కెప్టెన్. మా ఆయన ఔనన్నారు. కోచ్ పని వదిలేశారు. ఇప్పుడు జట్టుకు మేస్త్రే కోచ్. ఫైనల్ గెలిచారట.

తమ్ముడు మా దగ్గరే ఉంటున్నాడు. కుడిచెయ్యి మాట వినదు. మాట కూడా ఒక్కొక్కటే, వెతుక్కుని వెతుక్కుని వస్తుంది. మా ఆయనే వాడికి స్నానం చేయిస్తారు, గడ్డం గీస్తారు. బావా బావమరుదులు ఒకప్పుడు గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు. ఇప్పుడు గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. నాకా నిశ్శబ్దం పడదు. కుట్టుమిషన్ ఇంటికి తెచ్చుకున్నాను, కనీసం అదైనా చప్పుడు చేస్తుందని.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు సీనియర్లూ వచ్చారు. పళ్ళు తెచ్చారు. మేస్త్రి తల వంచుకుని, "లోపలికి రావచ్చా వదినా?" అన్నాడు. తిట్టి పంపేద్దామనుకున్నాను. వీళ్ళను చూస్తే తమ్ముడెంత పొంగిపోతాడో అనిపించి ఊరుకున్నాను. తమ్ముడు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. మా ఆయన పక్కన నిలబడి వాడికి కాయితం కప్పులో పాలు తాగిస్తున్నారు.

తమ్ముడు వాళ్ళను గుర్తుపట్టాడు. మొహం వెలిగింది. ఎడమచేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయాడు. లేవడం కాదు, దిగుతున్నాడు. మెల్లగా జారి, నేలమీదికి దిగి, గోడకు వీపు ఆనించి, గడ్డం గుండెలకు పెట్టుకున్నాడు.

"నడిచి... వచ్చేశా," అన్నాడు. "చివరిదాకా... ఆడలేదు."

నేను మిషన్ మీంచి లేచాను. లేచి వాళ్ళ వంక చూశాను. ఒక్కడైనా వంగి వాడి చెయ్యి పట్టుకుంటాడని, ఒక్క మాటైనా అంటాడని. మేస్త్రి కళ్ళు గోడమీదికి వెళ్ళాయి. లారీ కళ్ళు, నస కళ్ళు కూడా. వాళ్ళు కావాలని తిప్పుకోలేదు, అవే తిరిగిపోయాయి.

"చూడండ్రా వాడి వంక!" అని అరిచాను. అరుస్తూ మా ఆయనకేసి తిరిగాను. పాలకప్పు చేతిలో పట్టుకుని, ఆయన కూడా గోడనే చూస్తున్నారు.