బుగ్గయ్య మర్చిపోయిన కుప్ప

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నిండి అలుగు పారిన ఏడాది, మా బుగ్గయ్య ఆ వరదలోకి దూకి, కొట్టుకుపోతున్న ట్రాక్టరుకు తాడు కట్టి ఒంటిచేత్తో ఒడ్డుకు లాగాడు. నేను ఈ రెండు కళ్లతో చూశాను. ట్రాక్టరు మీద డ్రైవరు కూడా ఉన్నాడు, తల దువ్వుకుంటున్నాడు.

ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఊరంతా నోరు తెరుచుకుని వింటుంది, బుగ్గయ్య పెళ్లాం నర్సింహమ్మ తప్ప. ఆమె మాత్రం ఆ కథ మొదలైతే చాలు, లేచిపోయి గిన్నెలు గట్టిగా తోముతుంది.

ఆ వారం ఆమెకు తోమడానికి గిన్నెలు చాలలేదు. డిగ్రీ చదివే మనవరాలు సింధు కాలేజీలో మాట్లాడాలట. 'కథల్లో వీరులు, ఊళ్లో వీరులు' అని విషయం ఇచ్చారు. కథల్లో వీరులు ఆమెకు పుస్తకాల్లో దొరికారు. ఊళ్లో వీరుడి కోసం తాత ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"తాతా, గప్పుడు నీకు భయం కాలేదా?"

"భయమా? గదెట్లుంటదో జర చూపెట్టు బిడ్డా, చూస్త," అన్నాడు బుగ్గయ్య మీసం మీద చెయ్యేసి.

నర్సింహమ్మ గిన్నె ఠపీమని కింద పెట్టింది. "అవ్, ఈయనకు భయమంటే ఎరుకలేదు. మొన్న సంఘం మీటింగుల కాలిగోర్లు చూసుకుంట కూసున్నోడు ఎవడో మరి!"

మీసం మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

సంగతేమిటంటే, ఊళ్లో చేపలు పట్టేవాళ్లకు ఒక సంఘముంది. అందరూ కలిసి పెద్దవల లాగిన రోజు, పడిన చేపల్ని ఒడ్డున ఇంటికొక కుప్ప చొప్పున పోస్తారు. ఏ ఇంట్లోనైనా మగమనిషి పోతే, కొడుకు ఎదిగి నీళ్లలోకి దిగేదాకా ఆ ఇంటి కుప్ప ఆగదు. అది తాతలనాటి పద్ధతి. నిరుడు బాలేష్ కామెర్లతో పోయాడు. భార్య యమున, ఇంకా బడికి పోయే పిల్లవాడు మిగిలారు. అందరి చినిగిన వలలూ యమునే కుడుతుంది. అయినా సంఘం పెద్ద మల్లేశ్ మొన్న లేచి, "ఇగ నీళ్లల్ల దిగెటోనికే కుప్ప. పాత పద్ధతులు పట్టుకుని ఏలాడితే మనకు మిగిలేది పొలుసే," అన్నాడు. అది అన్యాయమని అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. అందరిలో పెద్దవాడు బుగ్గయ్య. మల్లేశ్ ఆయన సొంత మేనల్లుడు.

"అక్క కొడుకాయె. నలుగుర్ల వాన్ని ఎట్ల అంటనే?" అన్నాడు బుగ్గయ్య గొంతు తగ్గించి.

"అలుగుల దుంకెటోనికి అల్లుని ముందట నాలుక లేస్తలేదా? రేపు పొద్దుగాల పెద్దవల. యమున ఉత్త గంపతోటి ఇంటికి పోతది. నువ్వు ఈడ కూసోని మీసం దువ్వుకో."

"వీరులు మీటింగులల్ల మాట్లాడరే. కథలల్ల ఏడనన్న చూసినవా?"

"కథలల్ల మీటింగులే ఉండయ్. అందుకే వాళ్లు వీరులైన్రు!"

ఇంతవరకూ వచ్చాం కాబట్టి ఒక మాట చెప్పేస్తాను. అది ట్రాక్టరు కాదు, బర్రె. వరదలోకి ఎవరూ దూకలేదు, బుగ్గయ్య కాలు జారి పడ్డాడు. బర్రె తనంతట తాను ఈదుకుంటూ వస్తుంటే దాని తోక పట్టుకుని వెనకాల ఒడ్డుకు చేరాడు. నేను చూడనూ లేదు. ఆ వానలో ఇంట్లో కూర్చుని మక్క కంకి కాల్చుకు తింటున్నాను. చూసింది నర్సింహమ్మ. అందుకే ఆమెకు అంత మంట.

తెల్లారింది. చెరువు ఒడ్డున తుక్కుగూడ, బడంగ్‌పేట్ నుంచి వచ్చిన బేరగాళ్ల ఆటోలు ఐసు డబ్బాలతో బారులు తీరాయి. మగవాళ్లు వల లాగి, బొచ్చె చేపలూ రవ్వ చేపలూ కలిపి కుప్పలు పోశారు. నర్సింహమ్మ గంప పట్టుకుని, సింధును వెంటబెట్టుకుని ముందే నిలబడింది. మధ్యాహ్నానికి బిడ్డా అల్లుడూ వస్తున్నారు. మసాలా నూరి, చింతపండు నానేసి మరీ వచ్చింది. యమున కాస్త ఎడంగా నిలబడి ఉంది. ఆమెను ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమె గంప బోర్లించి ఉంది.

కుప్పల్లో ఎక్కువ తక్కువల తగువు రాకుండా ఒక ఏర్పాటు ఉంది. పెద్దమనిషి ఒకడు కుప్పలకు వీపు తిప్పి చెరువు వైపు చూస్తూ నిలబడతాడు. వెనక నుంచి ఒకరు కట్టెతో ఒక కుప్పను చూపించి 'ఇది ఎవల్ది?' అని అడుగుతారు. ఆయన నోట ఏ పేరు వస్తే కుప్ప వాళ్లది. ఒకసారి వచ్చిన పేరు మార్చకూడదు. ఆ పని ఎప్పుడూ బుగ్గయ్యదే. ఆయన తువ్వాల తలకు చుట్టుకుని చెరువు వైపు తిరిగాడు.

"ఇది ఎవల్ది మామా?" అడిగాడు మల్లేశ్.

"తిరుమల్‌ది."

"ఇది?"

"ఎల్లాది."

"ఇది?"

బుగ్గయ్య ఆగాడు. నర్సింహమ్మకు భర్త ముఖం కనిపించదు, వీపే కనిపిస్తుంది. పంచె కింద పిక్కలు వణుకుతున్నాయి. ఈ మనిషికి పొద్దున ఛాయ్ తాగించకుండా పంపానా అనుకుంది.

"యమునది," అన్నాడు బుగ్గయ్య.

మల్లేశ్ కట్టెతో నేల మీద కొట్టాడు.

"మామా, గా పేరు లేదిప్పుడు."

"నోట్లెకెళ్లి వచ్చింది. ఇగ మారదు గద?" బుగ్గయ్య చెరువు వైపు నుంచి తల తిప్పలేదు. "తర్వాతది చూపెట్టు."

ఇప్పుడు అందరూ లెక్కలు వేసుకున్నారు. యమున కోసం వేరే కుప్ప పోయలేదు కదా, ఎవడో ఒకడికి లేనట్టే. ఎవడికి? నిన్నటిదాకా యమునకు జరిగేది చూస్తూ ఊరుకున్నవాళ్లంతా ఇప్పుడు తమ పేరు కోసం చెవులు రిక్కించారు. ఒక్కో పేరు పిలుస్తుంటే ఒక్కో మనిషి ఊపిరి వదిలాడు. ఆఖరి కుప్ప మల్లేశ్‌కే పడింది.

మల్లేశ్ కట్టె కింద పెట్టాడు. "మరి నీదేది మామా?"

"నాదా?" బుగ్గయ్య ఇటు తిరిగి తల గోక్కున్నాడు. "మర్చిపోయిన్రా."

నర్సింహమ్మ చేతిలోని గంప జారి కింద పడింది. నూరిన మసాలా, నానిన చింతపండు, దారిలో ఉన్న అల్లుడు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి.

మల్లేశ్‌కు ముఖం చెల్లలేదు. "గిది నడవది. యమున కుప్ప మామకే," అంటూ చేపలు ఎత్తడానికి వంగాడు. కుప్పలో ప్రాణమున్న బొచ్చె ఒకటి ఎగిరి తోకతో అతని చెంప మీద ఫెడీమని కొట్టింది. ముందు తిరుమల్ కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత ఒడ్డంతా ఒకటే నవ్వు. నవ్విన మనుషులు మళ్లీ మూతులు బిగించుకోలేరు. "దానికి గూడ తెలిసిపోయింది మల్లేశన్నా, ఇడిసిపెట్టు!" అన్నాడు ఎల్లా. మల్లేశ్ చెంప తుడుచుకుని, "సరే, వచ్చేసారి ఒక కుప్ప ఎక్కువ పోయుండ్రి. ఈ ముసలోడు మల్ల మర్చిపోతడు," అని గొణిగాడు.

యమున గంప నింపుకుని నర్సింహమ్మ దగ్గరికి వచ్చింది. "అత్తా, సగం తీస్కో."

"వద్దు బిడ్డా, మాకు మస్తున్నయ్," అంది నర్సింహమ్మ. ఆ బొచ్చె వైపు పోతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంది.

ఆ మధ్యాహ్నం అల్లుడు పచ్చిపులుసుతో అన్నం తిన్నాడు. చేపల కోసం నానేసిన చింతపండు దానికైనా పనికొచ్చింది. సింధు మళ్లీ ఫోన్ తీసింది.

"తాతా, ట్రాక్టర్ ముచ్చట సగంల ఆగింది. చెప్పు."

నర్సింహమ్మకు ఒళ్లు మండింది. "పొద్దుగాల ఒడ్డు మీద ఉన్నవ్ గదనే! గప్పుడు ఫోన్ ఏడవెట్టినవ్?"

"సంచిల. ఏమైంది అవ్వా? చేపలు పంచిన్రు, తాత మర్చిపోయిండు, గంతే గద?"

"మర్చిపోయిండట! నా పెండ్లిల మావోళ్లు కూరల ఉప్పు తక్కువేసిన్రని ఇయ్యాల్టిదాంక దెప్పుతడు, గీ మనిషికి మర్చిపోవుడు గూడనా? రాసుకో. అలుగుల పడ్డనాడు ఈయన కాళ్లు వణకలే, ఎందుకంటే పడ్డోనికి వణికే టైమ్ యాడిది? ఇయ్యాల నిలబడి వణికిండు. వణుక్కుంటనే చెప్పిండు. గిది రాసుకో."

"ట్రాక్టర్ గూడ రాసుకో బిడ్డా," అన్నాడు బుగ్గయ్య.

నర్సింహమ్మ అతని కంచంలో ఇంకో గరిటె పచ్చిపులుసు పోసి, మొగుడి వైపు చూసి చిన్నగా నవ్వింది.

చేప చెంప మీద కొట్టడం నేను కల్పించాననుకుంటున్నారేమో. అది నిజంగానే కొట్టింది, ఊరంతా సాక్ష్యం. నేను కల్పించింది ఆ నవ్వు ఒక్కటే. నర్సింహమ్మ ఆ రోజు నవ్వలేదు. అల్లుడు ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు, ఆమె ఇప్పటికీ ఆ కుప్ప కోసం మొగుణ్ణి తిడుతూనే ఉంది.